స్టీరింగ్ వెనక నుంచి: పాత మియాటా, కొత్త మియాటా, ఒకే ఘాట్ రోడ్డు

ఈసారి ఉత్తరాలన్నీ మాట్లాడుకుని రాసినట్టు ఒకే బండి చుట్టూ తిరిగాయి. మాజ్డా వాళ్ళ మియాటా. రెండు సీట్లు, మడిచే టాపు, వెనక చక్రాలకు పవర్. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదట చూపించారు. హిరోషిమాలో ఇప్పటికీ తయారవుతోంది, 2016లో పది లక్షలు దాటింది. ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మేడమ్, మాది నార్త్ కరోలినాలోని షార్లెట్. నా వయసు 41. ఇంట్లో ఒక మినీవ్యాన్, ఒక ఎస్‌యూవీ ఉన్నాయి. పిల్లలిద్దరూ కాస్త పెద్దయ్యారు, ఇప్పుడైనా ఒక స్పోర్ట్స్ కారు కొనుక్కుందామని ఉంది. డీలర్ దగ్గర కొత్త మియాటా నడిపాను. బాగానే ఉంది, కానీ దిగాక "ఇంతేనా" అనిపించింది. తర్వాతి వారం ఒకాయన అమ్మకానికి పెట్టిన 1992 మియాటా నడిపి చూశాను. ఏసీ పనిచేయడం లేదు, టాపు చిరిగింది, అయినా దిగుతుంటే నవ్వు ఆగలేదు. కాగితం మీద చూస్తే ప్రతి లెక్కలోనూ కొత్తదే మేలు. నా మొదటి అభిప్రాయాన్ని నమ్మవచ్చా? ఏది కొనమంటారు?

జవాబు: మీకు అనిపించినవి రెండూ నిజమే. కాకపోతే డీలర్ టెస్ట్ డ్రైవ్ సంగతి తెలిసిందే కదా. పక్క సీట్లో సేల్స్‌మన్, ముందు నాలుగు సిగ్నళ్ళు, ఫ్రీవే మీద ఒక ఎగ్జిట్ దూరం, యూటర్న్, మళ్ళీ షోరూమ్. ఆ దారిలో పోటీ పెడితే పాత కారు గెలిచి తీరుతుంది. గంటకు 35 మైళ్ళ వేగంలో పాతదానికి చేతినిండా పని. కొత్తదానికి ఇంకా ఒళ్ళు కూడా వేడెక్కదు.

నా దగ్గర 1990 మోడల్ ఉంది. ఎరుపు రంగు, అన్నిటికన్నా చవక రకం. పవర్ స్టీరింగ్ లేదు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, అద్దాలు చేత్తో తిప్పి దించుకోవాలి. తెనాలిలో మా నాన్నగారి అంబాసిడర్ మీద డ్రైవింగ్ నేర్చుకున్నదాన్ని కాబట్టి ఇవేవీ నాకు లోటుగా తోచలేదు. మా ఆయన మాత్రం పార్కింగ్‌లో ఆ స్టీరింగ్ తిప్పడానికి ఇప్పటికీ ఒప్పుకోరు. మా పక్కింటాయన దగ్గర 2023 మోడల్ ఉంది, ఆరు గేర్ల మాన్యువల్. మేముండేది అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్‌లో. అక్కడి నుంచి డలోనెగా మీదుగా వుడీ గ్యాప్ అనే కనుమ ఎక్కి, సూచెస్ దగ్గర కుడికి తిరిగితే వుల్ఫ్ పెన్ గ్యాప్ రోడ్డు వస్తుంది. అది వోగెల్ స్టేట్ పార్కు దగ్గర పెద్ద రోడ్డులో కలుస్తుంది. వెళ్ళేటప్పుడు నా బండి నేను, ఆయన బండి ఆయన. వచ్చేటప్పుడు తాళాలు మార్చుకున్నాం. మరోసారి దీన్నే తారుమారు చేశాం. మీరు రెండు కార్లనూ వేరువేరు రోజుల్లో, వేరువేరు రోడ్ల మీద నడిపారు. తేడా అంతా అక్కడే వచ్చింది.

ముందు కొలతలు చెబుతాను, చాలామందికి ఇవి నమ్మబుద్ధి కాదు. కొత్త మియాటా పాతదానికంటే పొడవులో ఒక అంగుళం పైచిలుకు తక్కువ. వెడల్పు మాత్రం రెండు అంగుళాలకు పైగా పెరిగింది. నా బండి దాదాపు 2,200 పౌండ్లు, ఆయనది 2,350 దరిదాపు. ఎక్కువ ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, కారు అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్, కెమెరా, ఇంకో గేరు, పెద్ద ఇంజను, పెద్ద చక్రాలు, ఇన్ని చేర్చి, ముప్పై మూడేళ్ళలో ఒక్క మనిషి బరువు మాత్రమే పెరగనిచ్చారు. మిగతా కంపెనీల కార్లు ఇదే కాలంలో ఎంత లావెక్కాయో మీ ఇంటి ముందున్న ఎస్‌యూవీని చూస్తే తెలుస్తుంది. నాకు ఆ బండిలో బాగా నచ్చిన విషయం ఇదే, కానీ బ్రోచర్‌లో ఎవరూ చదవరు.

కూర్చోగానే తెలిసే తేడా చూపు. నాదాంట్లో ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాలు సన్నగా ఉంటాయి, బానెట్ చదునుగా ఉంటుంది, రాత్రయితే లైట్లు రెండూ పైకి లేస్తాయి. పగలైనా పిల్లలు కనిపిస్తే ఊరికే లేపుతాను, అది వేరే సంగతి. కొత్తదాంట్లో ముందు చక్రాల మీది రేకు రెండు పక్కలా ఉబ్బి మన కంటికి కనిపిస్తుంది. షోకు కోసం అనుకున్నాను కానీ కాదు. ఇరుకు మలుపులో లోపలి చక్రం ఎక్కడుందో ఆ ఉబ్బును బట్టే తెలుస్తుంది.

స్టీరింగ్ దగ్గరే మీ నవ్వుకు అసలు కారణం ఉంది. నా బండి స్టీరింగ్ పట్టుకోవడం చాటలో బియ్యం ఏరడం లాంటిది, చిన్న రాయి ఉన్నా వేలికి తగలాల్సిందే. వుల్ఫ్ పెన్ గ్యాప్ మీద రోడ్డుకు అతుకులు వేసిన చోటు, చెట్ల నీడలో తడి ఆరని చోటు, చక్రం జారబోయే క్షణం, అన్నీ ముందు చేతికే తెలుస్తాయి. చక్రానికీ మన చేతికీ మధ్య ఇనుప కడ్డీ, పళ్ళ చక్రం తప్ప ఇంకేమీ లేవు. కొత్తదాంట్లో మధ్యలో కరెంటు మోటారు వచ్చింది. తేలిక, చురుకు, తిప్పిన వెంటనే ముక్కు తిరుగుతుంది. కానీ రోడ్డు కబుర్లలో సగమే చెబుతుంది. 2024లో దీన్ని సరిచేశామని మాజ్డా వాళ్ళు చెప్పారు, మీరు నడిపింది ఆ తర్వాతిదైతే కాస్త మెరుగ్గానే ఉండాలి. అయినా ఈ ఒక్క విషయంలో పాతదానికి సాటి రాదు, నేను బతిమాలినా రాదు.

పికప్ సంగతికొస్తే పోటీయే లేదు. నాది 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్. ఆయనది రెండు లీటర్లు, 181. సున్నా నుంచి 60 మైళ్ళకు నాకు తొమ్మిది సెకన్లకు అటూ ఇటూ, ఆయనకు ఆరులోపు. తమాషా ఏమిటంటే రెండు బండ్లూ రెండో గేరులో చివరిదాకా లాగితే ఇంచుమించు 60 మైళ్ళ దగ్గరే ఆగుతాయి. నాదాంట్లో ఆ 60 చేరడానికి ఇంజను గొంతు మారడం వినాలి, నిమిషానికి 7,000 చుట్ల దాకా ముల్లు ఎక్కడం చూడాలి, కొండ ఎక్కుతుంటే ఇంకాస్త ఓపిక పట్టాలి. కొత్తదాంట్లో అదే పని "అరె, అయిపోయిందా" అనిపించేలా జరుగుతుంది. వెంటనే కాలు తీయాలి, లేకపోతే పోలీసు తీయిస్తాడు. మీకు అనిపించిన "ఇంతేనా" ఇదే. ఆ ఇంజను 7,500 దాకా తిరుగుతుంది, ఊళ్ళో మీరు 4,000 కూడా దాటించి ఉండరు.

మలుపులో రెండూ ఒరుగుతాయి. కొత్తదాన్ని చూసి చాలామంది స్పోర్ట్స్ కారు ఇంతలా ఒరగడమేమిటని మొహం చిట్లిస్తారు. నాకు అది తప్పుగా తోచదు. మెత్తటి స్ప్రింగులు వేశారు కాబట్టే గతుకుల రోడ్డు మీద చక్రం నేలను వదలదు. ఒరగడం నెమ్మదిగా, ఒకే తీరుగా జరిగితే ఎంత మిగిలి ఉందో డ్రైవర్‌కు తెలుస్తుంది. 2022 నుంచి వచ్చే బండ్లలో గట్టి మలుపులో లోపలి వెనక చక్రాన్ని కొద్దిగా బ్రేకు వేసి పట్టే ఏర్పాటు కూడా పెట్టారు. చెప్పకపోతే తెలియదు. వెనక భాగం కుదురుగా అనిపిస్తుంది, అంతే.

గేరు రాడ్డు విషయంలో ఇద్దరూ అక్కాచెల్లెళ్ళే. మణికట్టు కదిపితే గేరు పడుతుంది. గేర్‌బాక్సును, వెనక చక్రాలు రెండింటికీ పవర్ పంచే డిఫరెన్షియల్‌తో కలుపుతూ కారు నడుమ ఒక అల్యూమినియం దూలం ఉంటుంది, 1989 నుంచి ఈనాటి దాకా. దానివల్ల కాలు నొక్కినప్పుడు మధ్యలో ఊగులాట లేకుండా వెనక చక్రం వెంటనే స్పందిస్తుంది. క్లచ్ వదిలి మళ్ళీ పట్టే సందులో మీకు ఏ కుదుపూ తగలకపోవడానికి ఇదీ ఒక కారణం. ఈ దూలాన్ని తీసేసి డబ్బు మిగుల్చుకుందామని ఇన్నేళ్ళలో ఏ అకౌంటెంటూ అడగలేదంటే నమ్మను. ఎవరో ఒప్పుకోకుండా గట్టిగా నిలబడి ఉంటారు.

ఇప్పటిదాకా చదివి నేను పాతదాన్నే మోస్తున్నానని అనుకోకండి. వచ్చేటప్పుడు జార్జియా 400 హైవే ఎక్కితే కథ తిరగబడుతుంది. టాపు తీసి గతుకు మీద వెళ్తే నా బండిలో అద్దం ఫ్రేము వణుకుతుంది, వెనక చూసుకునే అద్దంలో లారీ రెండుగా కనిపిస్తుంది. ఐదో గేరులో ఇంజను రొద, పక్కన ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు బంపరు దాదాపు నా తల ఎత్తులో. పక్క ఎయిర్‌బ్యాగులు లేవు. వాన పడితే మలుపు మధ్యలో భయపడి కాలు తీశామా, వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది, ఆపడానికి ఏ కంప్యూటరూ లేదు. కొత్తదాంట్లో అదే హైవే మీద మామూలుగా మాట్లాడుకోవచ్చు. టాపు వేసుకోవాలంటే సిగ్నల్ దగ్గర వెనక్కి చెయ్యి చాపి లాగి ఒక్క గొళ్ళెం వేస్తే చాలు. నాదాంట్లో రెండు గొళ్ళేలు. దించబోయే ముందే వెనకవైపు ప్లాస్టిక్ కిటికీ జిప్పు విప్పాలి, లేకపోతే అది మడతపడి విరుగుతుంది. కొత్తవి దొరుకుతాయి కానీ కుట్టించడానికి మనిషి దొరకడం కష్టం.

ఇక మీరు చూసిన 1992 బండి. ఏసీ, టాపు కనిపించే ఖర్చులు, వాటి గురించి నాకు దిగుల్లేదు. వెనక చక్రం ముందు, తలుపు కింద ఉండే గుమ్మం భాగాన్ని గట్టిగా నొక్కి చూడండి. టాపు మీద పడ్డ నీళ్ళు దిగడానికి సీట్ల వెనక రెండు సన్నటి దారులుంటాయి. ఆకులు పడి అవి మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి గుమ్మం లోపలినుంచి తుప్పు పడుతుంది. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. బండిని లేపి అడుగున ఉన్న పట్టీలు చూడండి, జాకీ పెట్టి నలిపేసి ఉంటారు. రేడియేటర్ పైభాగం ప్లాస్టిక్ నల్లగా ఉండాలి, గోధుమ రంగుకు తిరిగితే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఇంజను వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు 60,000 మైళ్ళకోసారి మార్చాలి, ఎప్పుడు మార్చారో రసీదు అడగండి. 1.6 ఇంజనులో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. రోడ్డు మీద ఆగిపోతారు, అంతే. 1990, 1991 తొలి నెలల బండ్లలో ఇంజను ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, ముందు కొస పొట్టిగా ఉండి అరిగే జబ్బుంది. మీది 1992 కాబట్టి ఆ టెన్షన్ లేదు. నాకు ఉంది.

సూటిగా చెప్పాలంటే, మీరు కొనాల్సింది కొత్తదే. షోరూమ్‌దే కానక్కర్లేదు, 2019 లేదా ఆ తర్వాతి సెకండ్‌హ్యాండ్ అయినా చాలు. 181 హార్స్‌పవర్ ఇంజను ఆ ఏడాదే వచ్చింది, స్టీరింగ్ ముందుకూ వెనక్కూ జరపడం కూడా ఆ ఏడాదే. మీ ఉత్తరంలో గ్యారేజీ ఊసు లేదు, పనిముట్ల ఊసు లేదు, ఆదివారం పూట కారు కింద పడుకోవడం ఇష్టమని ఎక్కడా లేదు. ఉన్నది ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. తాళం తిప్పగానే బయల్దేరే బండి అయితేనే మీరు నడుపుతారు. పాతదైతే మొదటి నెల నడిపి, రెండో నెల షెడ్డుకు పంపి, మూడో నెల కవరు కప్పుతారు. ఆ కవర్ల కింద ఉన్న మియాటాలు మా కాలనీలోనే కనిపిస్తుంటాయి.

కొనేముందు మాత్రం కొత్తదాన్ని ఇంకోసారి నడపండి. షార్లెట్ నుంచి పడమరకు వెళ్తే బ్లూ రిడ్జ్ కొండలు దూరమేమీ కాదు. ఒకరోజు అద్దెకు ఇచ్చేవాళ్ళుంటే తీసుకోండి. టాపు తీసి, మూడో గేరులో, ఒంటరిగా. అప్పటికీ "ఇంతేనా" అనిపిస్తే డబ్బు బ్యాంకులోనే ఉంచుకోండి, అది మీ బండి కాదు.

ప్రశ్న: మేడమ్, మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయికి పదహారు నిండాయి. మావారు 1991 మియాటా ఒకటి చూసి వచ్చారు. "చిన్న బండి, పవర్ తక్కువ, రెండే సీట్లు, ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని తిరగదు, మొదటి కారుగా భేషుగ్గా ఉంటుంది" అంటున్నారు. నాకు భయంగా ఉంది. మీరేమంటారు?

జవాబు: వద్దమ్మా. మీవారు చెప్పిన నాలుగు మాటలూ నిజమే, అయినా వద్దు. కారు అదుపు తప్పబోతే తనంతట తాను బ్రేకు వేసి నిలబెట్టే స్టెబిలిటీ కంట్రోల్ 2012 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారుకూ తప్పనిసరి చేశారు. ఊరికే చేయలేదు. ఆ 1991 బండిలో అది లేదు, పక్క ఎయిర్‌బ్యాగులు లేవు, పైన ఉన్నది గుడ్డ. డల్లాస్ నార్త్ టోల్‌వే మీద పికప్ ట్రక్కుల మధ్య కొత్త డ్రైవర్‌ను అంత కింద కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. అమ్మాయికి మామూలు సెడాన్ ఒకటి, ఇటీవలిది, చూడండి.

మీవారు తన కోసం కొనుక్కుంటానంటే అది వేరే మాట, అడ్డు చెప్పకండి. ఖాళీ పార్కింగ్ స్థలంలో అమ్మాయికి క్లచ్ నేర్పించడానికి దాన్ని మించిన బండి లేదు. క్లచ్ తేలిక, ఇంజను ఆగిపోయినా ఏమీ కాదు, నాలుగు మూలలూ కనిపిస్తాయి.

ప్రశ్న: మాది హైదరాబాద్. అమెరికాలో ఉన్న మా అన్నయ్య తన పాత మియాటాను నాకిస్తానంటున్నాడు. ఓడలో తెప్పించుకోవచ్చా?

జవాబు: కుదరదు. బయటి దేశం నుంచి తెచ్చే వాడిన కారు తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. మీ అన్నయ్య బండి రెండింట్లోనూ ఫెయిల్. మూడేళ్ళలోపు కుడి స్టీరింగ్ బండి దొరికినా, కట్టే సుంకం కారు ధరను మించిపోతుంది. మాజ్డా వాళ్ళు మన దేశంలో కార్లు అమ్మరు కాబట్టి ఒక బ్రేకు ప్యాడ్ కావాలన్నా మళ్ళీ మీ అన్నయ్యనే అడగాలి. సెలవుల్లో మీరే అక్కడికి వెళ్ళి నడపండి, చవకలో అయిపోతుంది.

ప్రశ్న: కొత్త మియాటాలో ఆటోమేటిక్ తీసుకోవచ్చా? మా ఆవిడకు మాన్యువల్ రాదు.

జవాబు: తీసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. నా సలహా అడిగితే ఆ బండిలో సగం గేరు రాడ్డే. ఆవిడకు నేర్పండి. నేర్పేటప్పుడు పక్కన కూర్చుని అరవకండి. అరుస్తానని మీకే అనుమానంగా ఉంటే డ్రైవింగ్ స్కూల్లో చేర్పించండి.

ప్రశ్న: కొత్త మియాటాలో గ్లోవ్ బాక్సే లేదట, నిజమా? నా ఎత్తు ఆరడుగుల రెండు అంగుళాలు, పడతానా?

జవాబు: గ్లోవ్ బాక్స్ లేదు, నిజమే. రెండు సీట్ల మధ్య వెనక్కి ఒక చిన్న పెట్టె ఉంది, ఇన్సూరెన్స్ కాగితాలు అందులో. కప్పు పెట్టే చోటు మోచేతి వెనక ఉంది, కాఫీ తాగాలంటే భుజం తిప్పాలి. డిక్కీలో స్టెప్నీ కూడా లేదు, గాలి కొట్టే మిషను, పంక్చర్ మందు ఇస్తారు. నా పాత బండిలో స్టెప్నీ ఉంది, బ్యాటరీ కూడా డిక్కీలోనే, ఆ రెండూ పోగా మిగిలిన చోట రెండు కూరగాయల సంచులు పడతాయి. ఇక మీ ఎత్తు: 2019 లేదా ఆ తర్వాతి బండి అయితే స్టీరింగ్ దగ్గరకు లాక్కోవచ్చు కాబట్టి కాళ్ళు పడతాయి. తల మాత్రం టాపు వేసి కూర్చుని చూసుకోండి. షోరూమ్‌లో అందరూ టాపు తీసే కూర్చుంటారు.